ఎర్రమట్టిలో పాలిపోయిన మందారం

బోరు నీళ్లు పట్టిన బకెట్టును ఓ పూట కదపకుండా ఉంచి చూడండి. పంపులోంచి పడేటప్పుడు అద్దంలా ఉన్న నీళ్లు కొన్ని ఇళ్లలో మధ్యాహ్నానికల్లా పసుపు తిరుగుతాయి. సాయంత్రానికి అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంటుంది. అందులో నానిన తెల్ల చొక్కాకు పట్టిన మరక సబ్బుకు లొంగదు, నిమ్మకాయ రుద్దితే వదులుతుంది. మొక్కలకూ మనుషులకూ ఇనుము ఎందుకు సరిగా అందదో ఆ బకెట్టులోనే ఉంది. ఈ వ్యాసమంతా ఆ మడ్డి గురించీ, ఆ నిమ్మకాయ గురించీ.

పుదుచ్చేరిలోని లాస్‌పేట ఇనుము గురించి మాట్లాడుకోవడానికి మంచి చోటు. ఫ్రెంచి గవర్నరు లా దొర పేరు మీద ఆ పేరు వచ్చిందంటారు. సముద్రం ఎంతో దూరం లేకపోయినా ఇక్కడి నేల తీరపు ఇసుకలా ఉండదు. విమానాశ్రయం ఉన్న ఈ మెట్ట, పక్కనే జిప్మర్ ఆసుపత్రి ఉన్న గోరిమేడు, ఉత్తరాన ఆరోవిల్ వైపు సాగే నేల, అన్నీ కడలూరు ఇసుకరాయి అనే ఒకే రాతి పొర మీద ఉన్నాయి. ఫ్రెంచివాళ్లు ఈ మెట్టలను ఎర్రకొండలనే పిలిచారు. ఆ ఎరుపంతా ఇనుమే, తుప్పు రూపంలో. వాన పడితే కాలువల్లో పారేదీ, చెప్పుల అడుగున అంటుకునేదీ అదే.

అంత ఇనుప నేలలోంచి మట్టి తెచ్చి మేడ మీద తొట్టెలో మందారం నాటితే, ఏడాది తిరక్కుండా కొత్త చిగుళ్లు నిమ్మపండు రంగుకు పాలిపోవడం తోట పెంచేవాళ్లందరికీ అనుభవమే. ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి, మధ్య భాగమంతా పసుపు. ఏ నర్సరీలో చూపించినా ఒకటే మాట: ఇనుము లోపం.

ఇనుములో పాతుకున్న మొక్కకు ఇనుము లోపమా?

గాలి చేసిన పని

భూమి పైపొరలో ఇనుము బరువులో సుమారు 5 శాతం. ఆక్సిజన్, సిలికాన్, అల్యూమినియం తర్వాత నాలుగో స్థానం దానిదే. కొరత అన్న ప్రశ్నే రాకూడదు. చిక్కంతా ఇనుముకు రెండు అవతారాలు ఉండటంతో వచ్చింది. ఫెర్రస్ అనే రూపం నీళ్లలో ఇట్టే కరుగుతుంది, దానికి రంగు కూడా పెద్దగా ఉండదు. గాలి తగిలితే అది ఫెర్రిక్‌గా మారుతుంది. ఫెర్రిక్ ఇనుము మామూలు నీళ్లలో దాదాపు కరగదు, తుప్పుగా అడుగుకు చేరుతుంది. బోరు లోతుల్లో గాలి ఆడదు కాబట్టి అక్కడ ఇనుము కరిగే రూపంలో ఉంటుంది. పైకి వచ్చి గాలి పీల్చుకోగానే బకెట్టులో మడ్డిగా దిగుతుంది.

ఒకప్పుడు భూమంతా ఆ బోరు అడుగులాగే ఉండేది. గాలిలో ఆక్సిజన్ లేని రోజుల్లో సముద్రాల నిండా కరిగిన ఇనుమే. అందుకే తొలి జీవులు దాన్ని తమ యంత్రాంగంలో ధారాళంగా వాడుకున్నాయి. తర్వాత కిరణజన్య సంయోగక్రియ నేర్చిన సూక్ష్మజీవులు ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టాయి. దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట గాలిలోనూ అది నిలదొక్కుకుంది. సముద్రంలోని ఇనుము పొరలు పొరలుగా అడుగుకు దిగిపోయింది. బళ్లారి, ఓబుళాపురం గనుల్లో మనం తవ్వుకుంటున్న ఖనిజం మూలం ఆ కాలపు సముద్రాల అడుగు మడ్డే. జీవులకు మాత్రం పాత అలవాటు పోలేదు. ఊపిరికీ, పత్రహరితం తయారీకీ ఇనుము కావాల్సిందే, అదేమో కరగనని కూర్చుంది. గోదాము నిండా బియ్యం ఉన్నా రేషన్ షాపు తలుపు తెరవకపోతే ఇంట్లో పొయ్యి వెలగనట్టు, లాస్‌పేట ఎర్రమట్టిలో మందారం పస్తుంటోంది.

కరగడం అన్నది మట్టి పులుపును బట్టి మారుతుంది. పులుపు తగ్గి క్షారం వైపు ఒక్కో పీహెచ్ మెట్టు ఎక్కేకొద్దీ ఫెర్రిక్ ఇనుము కరిగే పాలు సుమారు వెయ్యి వంతులు పడిపోతుంది. రెండు మెట్లంటే పది లక్షల వంతులు. మరక మీద నిమ్మకాయ పనిచేసింది ఇందుకే: అది పులుపూ ఇచ్చింది, కరిగిన ఇనుమును మళ్లీ మడ్డి కానివ్వకుండా పట్టుకునే సిట్రిక్ ఆమ్లాన్నీ ఇచ్చింది.

వేరు దగ్గర నిమ్మకాయ

మొక్కలు ఈ నిమ్మకాయ కిటుకును మనకంటే ముందే కనిపెట్టాయి. మందారం, వేరుశనగ, టమాటా, మునగ లాంటి మొక్కలు ఇనుము చాలనప్పుడు వేళ్ల చుట్టూ ఆమ్లం వదులుతాయి. తుప్పు కాస్త కరుగుతుంది. వేరు పైపొరలో ఉండే ఒక ఎంజైము ఆ ఫెర్రిక్‌కు ఒక ఎలక్ట్రాన్ అందించి ఫెర్రస్‌గా మారుస్తుంది. అప్పుడు ఇంకో ప్రోటీన్ దాన్ని లోపలికి లాక్కుంటుంది. కరిగించు, మార్చు, లాగు: మూడే పనులు. ఈ మూడూ గుర్తుంచుకోండి, మన పేగుల్లో మళ్లీ కనిపిస్తాయి.

గడ్డిజాతి పంటలది వేరే దారి. 1976లో జపాన్ శాస్త్రవేత్త తకాగి ఓట్స్, వరి వేళ్లు కడిగిన నీళ్లలో ఇనుమును పట్టి ఉంచే పదార్థాలను గుర్తించాడు. ఈ మొక్కలు ఆ పదార్థాలను మట్టిలోకి పంపి, ఇనుమును కట్టుకుని తిరిగొచ్చిన వాటిని అలాగే లోపలికి తీసుకుంటాయి. బార్లీ ఈ పనిలో ఘనాపాఠి, వరి వెనకబెంచీ. దానికి కారణం ఉంది. నీళ్లు నిలిచిన మడిలో గాలి ఆడదు కాబట్టి ఇనుము ఎలాగూ కరిగే రూపంలోనే దొరుకుతుంది. కష్టపడి వెతుక్కోవాల్సిన అవసరం వరికి రాలేదు. అందుకే ఆరుతడిలో పెంచిన నారుమడిలో, దుక్కిలో నేరుగా వెదజల్లిన వరిలో లేత ఆకులు తెల్లబోతాయి. అదే పొలానికి నీళ్లు పెట్టి నిలగడితే చాలాసార్లు మందు అక్కర్లేకుండానే పచ్చబడుతుంది.

నీళ్లు మరీ ఎక్కువ రోజులు నిలిచిన పులుపు నేలల్లో కథ తిరగబడుతుంది: కరిగిన ఇనుము హద్దు దాటి ఆకుల మీద ఇటుక రంగు మచ్చలు వస్తాయి. అలాంటి మడుల్లో, ఊట కాలువల్లో నీటి మీద నూనె తెట్టులాంటి రంగుల పొర కనిపిస్తే పుల్లతో కదిపి చూడండి. నూనైతే పుల్ల చుట్టూ మళ్లీ కలుస్తుంది. ఇనుప పొరైతే పెంకులు పెంకులుగా పగిలి అలాగే ఉండిపోతుంది.

మేడ మీది మందారానికి ఏమైంది మరి? మట్టిలో తప్పు లేదు. గీజరులో, బిందె అడుగున తెల్లటి పొర కట్టే బోరు నీళ్లలో బైకార్బనేట్ ఉంటుంది. రోజూ అవే పోస్తుంటే, వేరు ఎంత ఆమ్లం వదిలినా నీళ్లు దాన్ని విరిచేస్తాయి. సిమెంటు తొట్టె గోడల్లోంచి, కట్టుబడి చెత్త కలిసిన మట్టిలోంచి వచ్చే సున్నం దానికి తోడు. తొట్టె అడుగు చిల్లు మూసుకుపోయి వేళ్లు ఊపిరాడక మగ్గితే ఇక చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు ఎర్రమట్టి ఇంకో తట్ట తెచ్చి పోయడం వృథా. వాన నీళ్లు పట్టి పోయడం, మాగిన పశువుల ఎరువు కలపడం పనిచేస్తాయి.

బాక్సు: పసుపు ఏ ఆకులో మొదలైంది?

ముదురు ఆకులు ముందు పసుపైతే సాధారణంగా నత్రజని లోపం. మొక్క పాత ఆకుల్లోని నత్రజనిని పీకి కొత్త చిగురుకు పంపగలదు. ఇనుమును అలా పంపలేదు, ఒక ఆకులో చేరింది చాలావరకు అక్కడే ఉండిపోతుంది. అందుకే ఇనుము లోపం ఎప్పుడూ లేత ఆకుల్లో మొదలవుతుంది, ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతుంది. ముదురు ఆకుల్లో ఈనెల మధ్య పసుపు కనిపిస్తే మెగ్నీషియం వైపు అనుమానించాలి. యూరియా చల్లే ముందు ఒకసారి మొక్క తలవైపు, ఒకసారి మొదలువైపు చూడటానికి ఖర్చేమీ లేదు.

అన్నభేది

ఎరువుల కొట్టులో అడిగితే లేత ఆకుపచ్చ పలుకుల్లాంటి ఉప్పు ఇస్తారు. అదే అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్. పాత సరుకైతే పలుకుల మీద తుప్పు రంగు పొడి కనిపిస్తుంది. గాలి దాని పని అది చేసుకుపోయిందన్నమాట, అది కొనొద్దు. వేరుశనగకైనా మందారానికైనా లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేయమంటారు, వారం తేడాతో రెండుసార్లు. ఆ గ్రాము నిమ్మఉప్పును చాలామంది అదనపు ఖర్చని మానేస్తారు. అది లేకపోతే డ్రమ్ములోనే ద్రావణం గోధుమ రంగుకు తిరిగి సగం మందు మడ్డైపోతుంది. కలిపింది కలిపినట్టు చల్లటి వేళ వాడేయాలి.

ఈ వైద్యానికి 180 ఏళ్ల వయసుంది. 1840లలో ఫ్రాన్సులో యూసెబ్ గ్రీ అనే పెద్దమనిషి పాలిపోయిన ఆకులకు ఇనుప లవణపు నీళ్లు పట్టించి, అవి తిరిగి పచ్చబడతాయని చూపించాడు. చిత్రం ఏమిటంటే అంతకు కొన్నేళ్ల ముందే, 1832లో, అదే దేశంలో పియెర్ బ్లో అనే వైద్యుడు పాలిపోయిన ఆడపిల్లలకు ఫెర్రస్ సల్ఫేట్‌తో చేసిన మాత్రలు వాడి పేరు తెచ్చుకున్నాడు. పుదుచ్చేరి చుట్టుపక్కల సిద్ధ వైద్యులు రక్తహీనతకు ఇచ్చే అన్నభేది సెందూరానికీ మూలద్రవ్యం ఇదే, అయితే దాన్ని పుటం పెట్టి మందుగా మారుస్తారు. ఆకుకూ మనిషికీ ఒకే మందు ఎందుకు పనిచేసిందంటే, పత్రహరితం నడుమ ఉండేది మెగ్నీషియమే అయినా దాన్ని తయారుచేసే పనిలో ఇనుము లేనిదే జరగదు. మన హిమోగ్లోబిన్‌లోనైతే సరిగ్గా ఆ నడిమి స్థానంలో ఇనుమే కూర్చుంటుంది. ఎరువుల కొట్టు అన్నభేదిని మాత్రం ఎవరూ నోట్లో వేసుకోకూడదు, అందులో ఇంకేం కలిసి ఉంటాయో తెలియదు.

జింకుదీ ఇలాంటి వ్యవహారమే. నేలలో ఉంటుంది, సున్నమూ మితిమీరిన భాస్వరమూ దాన్ని అందనివ్వవు. వరి ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చి పైరు గిడసబారే ఖైరా తెగులుకు కారణం పురుగూ బూజూ కాదు, జింకు లోపమని 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనె తేల్చారు.

పేగులోనూ అదే వేరు

పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఇనుము 3, 4 గ్రాములు మించదు. ఓ చిన్న మేకు బరువంత. అందులో మూడింట రెండు వంతులు ఎర్రకణాల్లోనే. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. చచ్చిన కణాల నుంచి రోజూ 20 మిల్లీగ్రాములకు పైగా ఇనుమును ఒళ్లు వెనక్కి రాబట్టుకుని మళ్లీ వాడుకుంటుంది. చెమటగా, పొట్టుగా, రక్తంగా పోయే ఒకటి రెండు మిల్లీగ్రాములను మాత్రమే తిండి భర్తీ చేయాలి. అంత తక్కువైతే లోపం ఎందుకు?

అన్నం, పప్పు, కూరల్లోని ఇనుము చాలావరకు ఫెర్రిక్ రూపంలో, గింజ పైపొరలోని ఫైటేట్‌తో ముడిపడి ఉంటుంది. కడుపులోని ఆమ్లం దాన్ని కరిగిస్తుంది. చిన్నపేగు మొదట్లో ఒక ఎంజైము ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మారుస్తుంది. ఒక ప్రోటీన్ లోపలికి లాగుతుంది. వేరు చేసిన మూడు పనులే. మన తిండిలోని ఇనుములో సుమారు 5 శాతమే ఇలా లోపలికి చేరుతుందని లెక్క. అందుకే ఒకటి రెండు మిల్లీగ్రాముల కోసం తినాల్సింది మగవాళ్లకు రోజుకు 19, ఆడవాళ్లకు 29 మిల్లీగ్రాములని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించింది. మాంసం, కాలేయం, చేపల్లో ఉండే హీమ్ ఇనుము ఈ తంతు లేకుండా నేరుగా లోపలికి పోతుంది. పైగా పక్కన తిన్న పప్పులోని ఇనుమునూ కాస్త కరిగిస్తుంది. పుదుచ్చేరి చేపల బజారులో చవగ్గా దొరికే నెత్తళ్లను ఈ లెక్కన తక్కువ చేసి చూడకూడదు.

తొట్టెలో మొక్కకు బైకార్బనేట్ నీళ్లు చేసిన ద్రోహం మనకు చేసేవీ ఉన్నాయి. పొద్దున్నే పళ్లు తోముకోగానే గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటు ఇప్పుడు ఇంటింటా ఉంది. ఏళ్ల తరబడి కడుపులో ఆమ్లాన్ని అణిచేస్తే ఇనుము కరిగే మొదటి మెట్టే కుంటుపడుతుంది. టీ, కాఫీలలోని పదార్థాలు ఇనుమును కట్టేస్తాయి. 1983లో అచ్చైన ఒక పరిశోధనలో భోజనంతో పాటు తాగిన కాఫీ ఇనుము పీల్చుకోవడాన్ని 39 శాతం, టీ 64 శాతం తగ్గించాయి. భోజనానికి గంట ముందు తాగిన కాఫీ ఏ హానీ చేయలేదు, గంట తర్వాత తాగింది మాత్రం కలిపి తాగినంత పనీ చేసింది. ఇడ్లీ తిని వెంటనే ఫిల్టర్ కాఫీ అందుకునే ఊళ్లో ఈ అంకెలు గుచ్చుకుంటాయి. కాఫీ మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, ముందు తాగండి అని మాత్రం అంటాను.

సర్కారు ఇచ్చే ఐరన్ మాత్రలదీ ఇదే దారి. గర్భిణులకు రోజూ ఇచ్చే ఎర్ర మాత్రలోనూ, బడి పిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలోనూ 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. టీతో మింగితే చాలా భాగం వృథా. నిమ్మరసంతోనో, ఉసిరికాయ పచ్చడి కలిపిన అన్నం తర్వాతో వేసుకుంటే విటమిన్ సి ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మార్చే పనికి చేయూతనిస్తుంది. విరేచనం నల్లగా వస్తోందని భయపడి మానేసేవాళ్లు ఎందరో. ఆ నలుపు ఒంటబట్టని ఇనుమే, ప్రమాదం కాదు.

పట్టికల్లో కనిపించనిది

"ఒంట్లో రక్తం లేదు" అనగానే బీట్‌రూట్, దానిమ్మ కొనుక్కొస్తాం. రెండింటి ఎరుపుకూ ఇనుముతో చుట్టరికం లేదు, అవి వేరే రంగు పదార్థాలు. వాటిలో ఉండే ఇనుము వంద గ్రాములకు ఒక మిల్లీగ్రామైనా దాటదు. మునగాకు మంచిదే, పచ్చి ఆకులో వంద గ్రాములకు నాలుగున్నర మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పాలకూర కంటే పాతిక రెట్లు అని ప్యాకెట్ల మీద రాసేది ఎండిన మునగాకు పొడిని పచ్చి పాలకూరతో పోల్చిన లెక్క. నీళ్లు తీసేస్తే ఏ ఆకైనా బలంగానే కనిపిస్తుంది. పాలకూర మీద ఇంకో కథ ఉంది: దశాంశ బిందువు తప్పుపడి దాని ఇనుము పదింతలుగా అచ్చైందని. ఆ తప్పు దొర్లిన కాగితాన్ని వెతికినవాళ్లకు అది దొరకలేదు, తప్పు కథే ఒక తప్పు కథ.

నాకు పట్టికల్లోని అంకెల కంటే వంటింట్లో జరిగేది ముఖ్యమనిపిస్తుంది. రాగిపిండి రాత్రంతా పులియబెట్టి అంబలి కాస్తే ఫైటేట్ కొంత విరుగుతుంది. పెసలు మొలకెత్తినా అంతే. ఇనుప మూకుడులో చింతపండు పులుసు కాచితే పులుపు మూకుడునే కొద్దిగా కరిగించి కూరలో కలుపుతుంది. నాన్‌స్టిక్ వచ్చాక ఆ కాస్తా పోయింది. మాత్ర మింగినంత ఫలితం వీటిలో దేనికీ ఉండదు, రక్తహీనత ముదిరినవాళ్లు అంబలి మీద ఆధారపడకూడదు.

రక్తహీనతంతా ఇనుము లోపమే అనుకోవడమూ పొరపాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అందులో బి12, ఫోలేట్ లోపాలు, కొంకిపురుగులు, నెలసరి అధిక రక్తస్రావం, సికిల్‌సెల్ లాంటి పుట్టుకతో వచ్చే జబ్బులు అన్నీ కలిసి ఉన్నాయి. సికిల్‌సెల్, తలసీమియా ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఐరన్ వాడకూడదు, ఎందుకంటే అదనపు ఇనుమును బయటికి పంపే దారి ఒంటికి లేదు. కాలేయం చేసే హెప్సిడిన్ అనే హార్మోను పేగు దగ్గరే తలుపు వేస్తుంది. ఒంట్లో జ్వరం, వాపు ఉన్నప్పుడూ అదే తలుపు మూసుకుంటుంది, అప్పుడు ఎంత తిన్నా లోపలికి రాదు.

గింజలో ఇనుము పెట్టడం

పంటలోనే ఇనుము పెంచాలన్నది ఒక దారి. పటాన్‌చెరులోని పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తయారుచేసిన ధనశక్తి సజ్జ 2012లో మహారాష్ట్రలో, 2014లో దేశమంతటికీ విడుదలైంది. కిలోకు దాదాపు 71 మిల్లీగ్రాముల ఇనుము. పాలిష్ పట్టిన బియ్యంలో ఉండేది అందులో పదో వంతు కూడా కాదు. కానీ లాస్‌పేటలోనైనా రాజమండ్రిలోనైనా రోజూ సజ్జ రొట్టె తినేదెవరు?

రెండో దారి తినే బియ్యంలోనే కలపడం. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, మరలో గింజల ఆకారానికి తీసి, మామూలు బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలుపుతారు. 2024 నాటికి దేశంలోని రేషన్ బియ్యమంతా ఈ పద్ధతికి మారింది. చెరిగేటప్పుడు రంగు తేడాగా, నీళ్లలో తేలుతూ కనిపించిన ఈ గింజలను చూసి ప్లాస్టిక్ బియ్యమన్న పుకారు తెలుగు ఊళ్లలో గట్టిగానే నడిచింది, ఏరి పారేసినవాళ్లూ ఉన్నారు.

ఈ గింజల తయారీలో పాత చిక్కే ఎదురైంది. అన్నభేది కలిపితే బాగా ఒంటబడుతుంది, కానీ అన్నం రంగు మారుతుంది, తుప్పు వాసన వస్తుంది. అందుకని ఫెర్రిక్ పైరోఫాస్ఫేట్ అనే తెల్లటి లవణాన్ని ఎంచుకున్నారు. రంగు రాదు, రుచి మారదు, ఎందుకంటే అది సులువుగా కరగదు. కరగదు కాబట్టి పేగుకూ తక్కువే అందుతుంది. ఇనుమూ అయోడినూ కలిపిన ఉప్పును తయారుచేసేటప్పుడు తార్నాక శాస్త్రవేత్తలు దీనికి ఎదురు దారి పట్టారు. కరిగే ఫెర్రస్ సల్ఫేట్‌నే వేసి, అది అయోడిన్‌తో తగాదా పడకుండా ఇంకో ఫాస్ఫేటును కాపలా పెట్టారు. బియ్యం విషయంలో ఇప్పుడు గింజలో పైరోఫాస్ఫేట్‌తో పాటు సిట్రిక్ ఆమ్లాన్నీ, దాని లవణాన్నీ కలిపితే ఎక్కువ ఒంటబడుతుందని ప్రయోగాల్లో కనిపించింది. పిచికారీ డ్రమ్ములో రైతు వేసే నిమ్మఉప్పే అది. ఈ బియ్యం వండేవాళ్లు తేలిన గింజలను ఏరేయకుండా, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టుకుంటే అందులో కలిపిన విటమిన్లు గంజితో పాటు పోకుండా ఉంటాయి.